వంటోని ఉత్తరాలు

పదకొండో భాగం

పోయిన వారం దేవక్కను ఆదోనిలో, కాశీవిశ్వనాథం శెట్టిగారు కట్టిస్తున్న హాలు గుమ్మం ముందు వదిలిపెట్టాం. ఆమె చంకలో గుడ్డసంచి ఉంది. సంచిలో పన్నెండు ఉత్తరాలున్నాయి. పాతికేళ్ళ కిందట కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు, సైన్యంలో వంటవాడిగా ఉన్న ఆమె భర్త కృష్ణప్ప కొండల మీది నుంచి రాసినవి. అదే యుద్ధంలో శెట్టిగారి చిన్నకొడుకు లెఫ్టినెంట్ రాఘవ్ చనిపోయాడు. అతని పేరు మీద కడుతున్న ఈ హాలులో, ఆ యుద్ధానికి వెళ్ళిన చుట్టుపక్కల మండలాల వాళ్ళందరి పేర్లూ ఒక రాతిపలక మీద చెక్కిస్తున్నారు. కృష్ణప్ప పేరు మాత్రం వద్దన్నారు. రాఘవ్ చనిపోవడానికి ముందురోజే కృష్ణప్ప కాళ్ళనొప్పి అని చెప్పి కొండ దిగి వచ్చేశాడని శెట్టిగారి నమ్మకం. ఊళ్ళోనూ అదే మాట అతని పేరుకు అతుక్కుపోయింది. చిన్నపిల్లలు కూడా "దిగొచ్చిన కృష్ణప్ప" అంటారు. ఎల్లుండే పలక ఆవిష్కరణ. మొగుడికి చెప్పకుండా ఆస్పరి నుంచి మొదటి బస్సెక్కి వచ్చింది దేవక్క.

లోపల కొత్త రంగు వాసన ముక్కుపుటాలకు కొట్టింది. ఇద్దరు మనుషులు నిచ్చెనెక్కి గోడలకు రంగు వేస్తున్నారు. ఎదురుగోడకు నల్లటి రాతిపలక ఆనించి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని ఒకాయన ఉలితో ఏడో పేరు చెక్కుతున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో కాశీవిశ్వనాథం శెట్టిగారు కూర్చున్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నూలు చొక్కా, భుజాన కండువా. పక్క కుర్చీలో ఎమ్మిగనూరు శేషప్ప. అతనూ ఆ యుద్ధానికి వెళ్ళి, హవల్దారుగా రిటైరైనవాడు. ఎవరి పేర్లు ఉండాలో, ఎవరివి ఉండకూడదో శెట్టిగారికి చెప్పింది అతనే. శెట్టిగారి మనవరాలు పావని ఫోనులో ఎవరితోనో మైకుల సంగతి మాట్లాడుతోంది. మూలన, కిటికీ దగ్గర, శెట్టిగారి భార్య కమలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. హాలు కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆమె రోజూ వచ్చి అక్కడే కూర్చుంటుందని, ఎవరితోనూ మాట్లాడదని దేవక్క విని ఉంది.

"ఎవరమ్మా?" అన్నారు శెట్టిగారు.

"కృష్ణప్ప పెండ్లాన్ని శెట్టిగారూ. దేవక్క అంటారు నన్ను."

ఉలి చప్పుడు ఆగింది. శెట్టిగారు కండువా సర్దుకున్నారు.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. నీ మొగుని మీద కూడా లేదు. ఆయప్ప బతికొచ్చినాడు, సంతోషం. కానీ ఆ రాయి మీద మొదట ఉండేది నా కొడుకు పేరు. దాని కింద ఎవరి పేరు ఉండాలనేది నేను చూసుకుంటా."

"పేరు చెక్కమని అడగనీకి రాలేదు నేను," అంది దేవక్క. సంచిని ముందుకు తీసుకుంది. "ఆయన రాసిన ఉత్తరాలు ఉండాయి. సదివి ఇనిపిస్తా. ఇన్నంక మీ ఇష్టం."

శేషప్ప నవ్వాడు. "ఏముంటాది దేవక్కా దాంట్లో? నేను క్షేమం, నువ్వు క్షేమమా అని రాసింటాడు. మేము తుపాకులు మోసినాము, ఆయప్ప పప్పు కలబెట్టినాడు. గరిటెలకు కూడా పలకలు పెడతామా?"

నిచ్చెన మీదివాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు దేవక్కకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, చేలగట్ల మీద పాతికేళ్ళుగా వింటున్నదే. ఎప్పుడూ తల వంచుకుని పక్కకు తప్పుకునేది. ఈరోజు తప్పుకోలేదు. కింద బండల మీద చతికిలబడి, సంచి విప్పి, నీలిరంగు ఇన్‌లాండ్ కవర్లు ఒళ్ళో పరుచుకుంది. ఏడో తరగతి దాకా చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషే. కానీ ఈ ఉత్తరాలకు ఆమెకు కళ్ళతో పని లేదు.

"చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి దేవక్కకు నీ భర్త కృష్ణప్ప ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. ఉన్నచోటు పేరు రాయకూడదని చెప్పినారు. చానా ఎత్తు అని మాత్రం రాస్తాండాను. ఈడ నీళ్ళు బిరబిరా మసలతాయి గాని అన్నం ఉడకదు. పప్పు కుక్కర్లో రెండు గంటలు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటాది. స్టవ్వు పొగకు ఉమ్మితే నల్లగా పడతాది. డ్రమ్ము నిండా మంచు పోసి కరిగిస్తే బిందెడు నీళ్ళు కూడా రావు. అవి తాగనీకీ వంటకే. స్నానం చేసి ముప్పై ఒక్క దినాలైంది. పేలు పడినాయి. సాయంత్రమైతే ఒకరి తల ఒకరం చూసుకుంటాండాము, మీ ఆడోళ్ళ మాదిరి."

రాయి చెక్కే ఆయన నవ్వబోయి, శెట్టిగారి వైపు చూసి ఆపుకున్నాడు. శెట్టిగారు వద్దనలేదు. దేవక్క రెండో కవరు తీసింది.

"పైన మనవాళ్ళు ఉండే చోట మంట పెట్టకూడదు. పొగ కనపడితే ఫిరంగి గుండు వస్తాది. అందుకని కింద వండి, పొద్దు మునిగినంక మేమే మోసుకుని పోవల్ల. ఐదు గంటల ఎక్కుడు. తాడు పట్టుకుని పోవల్ల, దగ్గు వచ్చినా దగ్గకూడదు. రొట్టెలు సంచిలో పెడితే గడ్డకట్టిపోతాయి. అందుకని గుడ్డలో చుట్టి చొక్కా లోపల పొట్టకు కట్టుకుంటాను. తడిసిన మేజోళ్ళు కూడా ఆరనీకి ఆడనే. అయినా పైకి పోయేసరికి రొట్టెలు మన ఇంటి ముందర పరిచిన బండల మాదిరి అయితాయి. వాళ్ళు తుంచుకుని నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. బాగలేదని ఒక్కరూ అనరు. దానికే నాకు ఏడుపు వస్తాది దేవీ. తిట్టినా బాగుండు."

నిచ్చెన మీద కుంచె ఆగిపోయింది. శేషప్ప గొంతు సవరించుకున్నాడు.

"వంటోళ్ళు అన్నం తీసుకుని పైకి వచ్చేది మామూలే శెట్టిగారూ. దాంట్లో గొప్పేముంది?"

దేవక్క తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. "పైకి పోయినాడని ఒప్పుకుంటాండావు గదన్నా. యుద్ధమంతా కింద పొయ్యికాడ ఎచ్చగా కూర్చున్నాడని మా ఊర్లో సెప్పింది ఎవరు మరి? మా మామ సచ్చిపోయేదాంక ఆ మాట నమ్మి కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు."

రంగు వేసేవాళ్ళు ఈసారి నవ్వలేదు. పావని ఫోను పెట్టేసి, నెమ్మదిగా వచ్చి దేవక్క పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంకోటి చదువు పెద్దమ్మా," అంది.

దేవక్క వెతికి మరొకటి తీసింది. దీని మడతల దగ్గర చిరుగులు పడి ఉన్నాయి.

"నువ్వు పంపిన పార్సిలు ఇరవై రెండు దినాలకు చేరింది. బొరుగులు సగం నలిగి పొడి అయినాయి. మన ఆదోని పిల్లోడు ఒకాయన ఈడ ఆఫీసరుగా ఉండాడు. రాఘవ్ సారు అంటారు. నాది ఆస్పరి పక్కన పల్లె అని తెలిసిన దినం నుంచి నాతో మన మాటల్లోనే మాట్లాడతాడు. తిండి మాట వస్తే ఉగ్గాని గురించే. అందుకని నిన్న నీ బొరుగులు నానేసి, తిరగబోత పెట్టి, పుట్నాల పొడి చల్లి, టిఫిను డబ్బాలో పెట్టి, ఆ డబ్బా చొక్కా లోపల పెట్టుకుని ఎక్కినా. ఎర్రగడ్డ ఒకటే దొరికింది. నిమ్మకాయ లేదు. సారు మూత తీసి వాసన చూసినాడు. తర్వాత..."

"ఏ తేదీ అది?"

ఎవరు అడిగారో దేవక్కకు వెంటనే అర్థం కాలేదు. కిటికీ దగ్గర కమలమ్మ లేచి నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడను పట్టుకుని ఉంది.

"జూలై రెండో తేదీ వేసినాడమ్మా."

కమలమ్మ నడుచుకుంటూ వచ్చింది. తన చేతిసంచి తెరిచి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టుకున్న ఒక ఉత్తరం తీసి మనవరాలి చేతిలో పెట్టింది. "చదువు పావనీ. మీ చిన్నాన్నది. ఆఖరుది."

పావనికి ఆ ఉత్తరం గురించి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. కానీ దాన్ని ఎవరూ బయటికి చదివింది లేదు. ఆమె మడత విప్పి చదివింది.

"జూలై రెండు. అమ్మా, నువ్వు నమ్మవు గానీ నిన్న నేను కొండ మీద ఉగ్గాని తిన్నా. నిజంగా, పుట్నాల పొడి వేసిన ఉగ్గాని. ఎవరు చేసిపెట్టినారో ఇప్పుడు చెప్పను. ఆ మనిషిని నేనే మనింటికి పిల్చుకొస్తా. నువ్వు ఎదురుగా కూర్చుని వడ్డించాల."

శెట్టిగారి కండువా ముఖం మీదికి వెళ్ళింది. ఆ ఉత్తరం వచ్చిన నాడు ఆయన భార్యతో ఏమన్నారో ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. నీ మనసు కుదుటపడేందుకు పిల్లోడు ఏదో కల్పించి రాసినాడే, ఆ మంచులో ఉగ్గాని ఎవరు చేస్తారు, అన్నారు. తన కొడుకు తనకు రాసిన చివరి మాట అబద్ధమని ఆమె పాతికేళ్ళు నమ్ముతూ వచ్చింది.

"అబద్ధం కాదు," అంది కమలమ్మ. ఏడవలేదు. భర్త వైపు తిరిగి, ఇంకొంచెం గట్టిగా అంది. "ఇన్నారా? మా వోడు అబద్ధం రాయలేదు."

ముందు తేరుకున్నది శేషప్పే.

"సరే శెట్టిగారూ. ఉగ్గాని పెట్టినాడు, కాదనను. కానీ దిగొచ్చిందైతే నిజమే గదా? పైన మీ పిల్లోడు ఉండాడు, ఈయన కిందికి వచ్చేసినాడు. దానికి ఉత్తరం ఏం సెప్తాది?"

దేవక్క ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది. పన్నెండో ఉత్తరం తీసింది. మిగతావాటిలో కృష్ణప్ప అక్షరాలు గుండ్రంగా, వరసగా ఉంటాయి. దీంట్లో వంకర్లు పోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. దీన్ని ఆమె ఇంతవరకు ఇంకొకరి ముందు చదవలేదు.

"దేవీ, భయపడొద్దు. నేను ఆస్పత్రిలో ఉండాను. ఎడమకాలు మూడు వేళ్ళు తీసేసినారు. బూట్లు తడిసి గడ్డకట్టినాయి. ఐదు దినాలు విప్పలేదు. విప్పితే మళ్ళీ కాలు పట్టదని భయం. ఐదో తేదీ పైకి పోయినప్పుడు నా నడక చూసి రాఘవ్ సారు బూట్లు విప్పించినాడు. వేళ్ళు నల్లగా ఉండాయి. దిగిపో అన్నాడు. నేను దిగను, మీకు అన్నం ఎవరు తెస్తారు అన్నా. అప్పుడు ఆదోని బజార్లో ఉండే తిట్లన్నీ తిట్టినాడు. ఇది ఆర్డరు అన్నాడు. ఇద్దరికి చెప్పి, నన్ను తాడుతో ఒకని వీపుకు కట్టించి దించినాడు. మళ్ళీ చేసి పెడతానని సారుకు మాటిచ్చినా. నువ్వు ఇంకో పార్సిలు పంపు. ఈసారి బొరుగులు డబ్బాలో పెట్టి పంపు, నలగకుండా. నిమ్మ ఉప్పు కూడా వెయ్యి. నేను ఈడ ఎన్ని దినాలుంటానో తెలీదు కాబట్టి సారు పేరు మీదనే పంపు. ఆయన ఎదురుచూస్తా ఉంటాడు."

"ఆయన రాసిందే గదా," అన్నాడు శేషప్ప. ఆ మాటలో మునుపటి పట్టు లేదు. "తన గురించి తానే రాసుకుంటే ఎట్లయినా రాసుకోవచ్చు."

పావని దేవక్క చేతిలోంచి ఉత్తరం అందుకుంది. వెనక్కి తిప్పి, మసకబారిన ముద్ర మీద వేలు పెట్టింది.

"తాతా, ఇది చూడు. జూలై తొమ్మిది. చిన్నాన్న పోయింది ఆరో తేదీ. ఈయనకు అప్పటికి తెలీదు. పోయినాయనకు బొరుగులు పంపమని పెండ్లానికి రాస్తాండాడు. తప్పు చేసి వచ్చినోడు కప్పిపుచ్చుకునేదానికి రాస్తే ఇట్ల రాస్తాడా?"

శెట్టిగారు ఉత్తరం తీసుకోలేదు. దేవక్కనే చూస్తున్నారు.

"పంపినావా?" అని అడిగారు చివరికి.

"పంపినా శెట్టిగారూ. రెండు నెలలకు వాపసు వచ్చింది. అప్పటికి ఈయన ఇంటికొచ్చినాడు. సారు పోయిన సంగతి ఆస్పత్రిలోనే తెలిసిందంట. ఆ పార్సిలు ముందర పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాడు. ఆ దినం నుంచి యుద్ధం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఊరోళ్ళు ఏమన్నా బదులు సెప్పలేదు. దిగింది నిజమే గదా అనేవాడు."

శెట్టిగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. శేషప్ప కూడా లేవబోతే చేత్తో వారించారు. "నువ్వు కూర్చో. నీతో తర్వాత మాట్లాడతా." పావని వైపు తిరిగి, "కారు తీయించు. నేనే వాళ్ళ ఊరికి పోయి పిల్చుకొస్తా," అన్నారు.

కారు అవసరం లేకపోయింది. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఎడమకాలు కొంచెం పక్కకు వేసి నిలబడే తీరు చూస్తేనే దేవక్కకు ఎవరో తెలిసిపోయింది. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో. ఇంట్లో ఉత్తరాలు దాచిన పెట్టె తెరిచి ఉండడం చూసి తర్వాతి బస్సుకే బయల్దేరి ఉంటాడు.

"ఎనుముకు మేత కూడా ఎయ్యకుండా వచ్చేసినావే," అన్నాడు కృష్ణప్ప.

కమలమ్మ అతని దగ్గరికి వెళ్ళింది. మనిషిని పైనుంచి కింది దాకా చూసింది. మట్టికొట్టుకున్న ఆ ఎడమపాదం దగ్గర ఆమె చూపు కొంచెంసేపు ఆగింది.

"ఎంత తిన్నాడప్పా?" అని అడిగింది.

కృష్ణప్ప పెదవులు కదిలాయి. పాతికేళ్ళుగా మూసుకుని ఉన్న నోరు.

"రెండుసార్లు పెట్టించుకున్నాడమ్మా. పక్కన ఇద్దరికి తలా ఇంత పెట్టి, మిగిలింది డబ్బా గీకి గీకి తిన్నాడు. కారం సాల్లేదు కృష్ణప్పా అన్నాడు. మా అమ్మ చేస్తే కండ్లెంట నీళ్ళు వస్తాయి అన్నాడు."

కమలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అట్లా నవ్వగా ఆ ఇంట్లో పావని ఎన్నడూ చూడలేదు. కృష్ణప్ప కూడా నవ్వాడు. దేవక్క మొగుడి ముఖం చూసి, ఇరవై ఏడేళ్ళ కిందట పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడిని గుర్తుపట్టింది.

కాశీవిశ్వనాథం శెట్టిగారు అతని ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించారు.

"మా వోడు దిగమంటే దిగినావు. నేను పాతికేళ్ళు నిన్ను తప్పుగా మాట్లాడినా. నలుగురి ముందర మాట్లాడినా కాబట్టి నలుగురి ముందరే సెప్తాండ. తప్పు నాది కృష్ణప్పా."

"అట్ల అనొద్దు శెట్టిగారూ," అంటూ కృష్ణప్ప ఆ చేతులు పట్టుకున్నాడు.

నిచ్చెన మీద ఉన్న ఇద్దరూ ఎప్పుడు దిగారో దిగారు. వాళ్ళలో పెద్దవాడు తన భుజం మీది తువ్వాలుతో ఒక కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు. "కృష్ణప్పన్నా, కూర్చో," అన్నాడు. ఉట్టి కృష్ణప్పన్నా. ముందర 'దిగొచ్చిన' అనే మాట లేదు. దేవక్క ఆ పిలుపును మళ్ళీ మళ్ళీ మనసులో అనుకుంది. ఆ క్షణాన తనకు ఎవరైనా ఆదోని కోట రాసిస్తానన్నా వద్దనేది.

"మావాని పేరుండే రాయి మీదనే చెక్కు," అన్నారు శెట్టిగారు రాయి చెక్కే ఆయనతో. "ఈపొద్దే కావాల."

ఆయన సుద్దముక్క తీసుకుని, రాయి తుడిచి, కృష్ణప్ప వైపు చూశాడు. "అందరికీ పేరు పక్కన హోదా ఉందన్నా. నీకు ఏమని రాయల్ల?"

"వంటోడు అని రాయప్పా," అన్నాడు కృష్ణప్ప. "నేను చేసింది అదే."

శెట్టిగారు తల ఊపారు. సుద్దముక్క రాయిని తాకింది. అప్పుడే కృష్ణప్ప కుర్చీలోంచి లేచాడు.

"ఆగప్పా. నా పేరు చెక్కల్లంటే, నాకన్నా ముందర ఇంకో పేరు చెక్కల్ల."

అందరూ అతని వైపు చూశారు.

"నన్ను వీపు మీద మోసి దించినోడు. ఆ దినం నాకు తన బూట్లు తొడిగి, తాను గుడ్డపీలికలు చుట్టుకుని నడిచినోడు. ఎమ్మిగనూరులో మగ్గాలోళ్ళ పిల్లోడు. శివశంకర్."

దేవక్క తన ఒళ్ళోని ఉత్తరాల వైపు చూసుకుంది. ప్రతి అక్షరం తనకు కంఠస్థం. పన్నెండు ఉత్తరాల్లో ఆ పేరు ఎక్కడా లేదు.

"ఆ పేరుతో ఎవరూ యుద్ధానికి పోలేదే," అన్నారు శెట్టిగారు అయోమయంగా. "జాబితా అంతా శేషప్పే రాసిచ్చినాడు. ఎమ్మిగనూరు నుంచి తానొక్కడే అన్నాడు."

కృష్ణప్ప తొందరపడలేదు. కాలీడ్చుకుంటూ శేషప్ప కుర్చీ దగ్గరికి నడిచి, అతని ఎదురుగా నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు నా గురించి నువ్వు ఏమన్నా ఊరుకున్నా గదన్నా. ఎందుకు ఊరుకున్నానో నీకు తెలుసు. ఇంగ ఊరుకోను. శివశంకర్ బతికే ఉండాడు. యాడున్నాడో నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

శేషప్ప గుమ్మం వైపు చూశాడు. గుమ్మానికి అడ్డంగా కమలమ్మ నిలబడి ఉంది.